పెళ్ళికొండ గొంతులో రాయి

పెళ్ళికూతురికి మీసాలున్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఏదో నూనూగు మీసమైతే ఇంత గంధం పూసి కప్పెట్టేయవచ్చు. ఇవి అలాంటివి కావు. మేఖలాదేశపు రాజుగారి వంటశాలలో ఏళ్ళ తరబడి నేతిపోపుల ఆవిరి తాగి, చెంపల మీదుగా చెవుల దాకా ఎగబాకిన మీసాలు. వాటి సొంతదారు ఆస్థాన వంటవాడు గుమ్మడన్న. ఎర్ర పట్టుచీర కట్టుకుని, మేలిముసుగు ముక్కు కిందికి లాక్కుని, పెళ్ళికొండ మొదట్లో కొత్తజంటల వరసలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు. పక్కనే నుదుట బాసికం, బుగ్గన చుక్క పెట్టుకుని యువరాజు మణికేతుడు.

"తల దించు గుమ్మడన్నా. కాస్త సిగ్గుపడు," అన్నాడు మణికేతుడు పెదవులు కదపకుండా.

"పడక్కర్లేదు బాబుగారూ, దానంతటదే ముంచుకొస్తోంది."

"పొద్దున్నే మీసం తీసేయమంటే విన్నావా?"

"తల తీసుకోండి, ఇస్తాను. మీసం మాత్రం అడక్కండి."

ఇంత అవస్థ దేనికి, ఎవరైనా ఆడమనిషిని తోడు తెచ్చుకోవచ్చు కదా అని మీకనిపిస్తుంది. ఎక్కణ్ణించి తెస్తాడయ్యా? రాజధానిలోని ఆడా మగా పిల్లా జెల్లా అందరూ పొగగోడ వెనక బందీలై ఉన్నారు. ఈ పని నెత్తినేసుకోవడానికి బయట మిగిలింది యువరాజు, వంటవాడు, పన్ను విరిగిన ఒక భూతం. ఉన్నవాళ్ళతోనే పెళ్ళి చేసుకోవాలి మరి!

ఆ ఉదయం జరిగింది చెబుతాను. మణికేతుడూ గుమ్మడన్నా తెల్లవారకముందే కోట దొడ్డిదారిన జారుకుని, ఊరి బయట చెరుకు గానుగ దగ్గర వేడి బెల్లప్పాకం నాక్కుంటూ కూర్చున్నారు. తిరిగి వచ్చేసరికి చంద్రమేఖలా నగరం చుట్టూ ఆకాశమంత ఎత్తున నల్లటి పొగగోడ లేచి ఉంది. దాని మీద మబ్బంత తలకాయ ఒకటి. గుంటకళ్ళు, కోరపళ్ళు, గడ్డంలో నిప్పురవ్వలు. మాంత్రికుడు భస్మకంఠుడు!

"సౌగంధికా!" అని ఉరిమింది ఆ తల. "సూర్యుడు నడినెత్తికి వచ్చేలోపు కిరీటం తెచ్చి కోటగుమ్మంలో పెట్టు! లేదా నువ్వు ముగ్గేసిన వాకిట్లోనే అగ్గికొండ మొలిపిస్తాను!"

కోట బురుజు మీంచి రాణీ సౌగంధికాదేవి గొంతు ఖంగుమంది. "ఈ కిరీటం మా అత్తగారు నా నెత్తిన పెట్టింది. తీస్తే నా కోడలి నెత్తిన పెట్టడానికే తీస్తాను. నువ్వు నా కోడలివా? కాదు కదా! పో అవతలికి!"

తల్లి మాట విని మణికేతుడికి నవ్వూ కన్నీళ్ళూ ఒక్కసారే వచ్చాయి. ఆమెకొక నియమం ఉంది. మొగుడు సూర్యకేతు మహారాజు పోయిననాటి నుంచి, రోజూ మిట్టమధ్యాహ్నం బురుజు మీది అన్నపుగంట తన చేత్తోనే కొడుతుంది. ఆ తాడు ఇంకెవరూ ముట్టడానికి లేదు. ఆ గంట మోగాకే ఊళ్ళో విస్తళ్ళు వేస్తారు. ఇవాళ ఆ గంట మోగుతుందా? మణికేతుడికి కావలసింది ఆ ఒక్కటే.

పొగగోడలోకి దూకబోయిన యువరాజు కాలికి ఏదో తగిలి కుయ్యోమంది. కుందేలంత భూతం. దవడ పట్టుకుని ఏడుస్తోంది. పేరు కొరుకుడు.

"కొట్టకు దొరా! పన్ను విరిగిందని మా అయ్యవారు భస్మకంఠుడు నన్ను పనిలోంచి తరిమేశాడు. నీ మీద నాకేం పగ లేదు," అని మొదలుపెట్టి, గుమ్మడన్న పెట్టిన బెల్లంముక్క ఒక పక్క దవడతో చప్పరిస్తూ, గుట్టంతా కక్కేసింది.

"మీ దేశం కింద ఏముందనుకున్నావు? మట్టా? ఒకటే రాయి దొరా! తాబేటిచిప్పను బోర్లించినట్టుంటుంది. దాని కింద కరిగిన రాయి, అంతా అగ్గి, కుతకుతలాడతా ఉంటుంది. దానికెప్పుడూ పైకొచ్చే యావే. చిప్పనేమో కొరకలేదు. మేమే కొరకలేం, ఇదిగో నా పన్ను చూడు! అందుకని చిప్ప కడుపు నాక్కుంటా, ఎత్తుగా ఉన్న వైపుకి పాక్కుంటా పోతుంది. చీలిక ఎక్కడ దొరికితే అక్కడ తల బయటపెడుతుంది. అగ్గికొండ ఎక్కడ లేవాలో అగ్గి చేతిలో లేదు దొరా. కింద ఉన్న రాయి ఎటు తోలితే అటే!"

"ఆ చీలికలు ఎక్కడున్నాయి?"

"ఉన్నవి రెండే. ఒకటి పడమట పెళ్ళికొండ కింద, రెండోది మీ కోట కింద. కోట కింద చిప్ప ఎప్పుడో నెర్రె విచ్చింది. ఆ నెర్రెలో మెత్తటి సున్నపురాయి పేరుకుంది. మావాళ్ళంతా ఇప్పుడు దాన్నే కొరుకుతున్నారు. మధ్యాహ్నానికి అయిపోతుంది."

"మరి పెళ్ళికొండ దారి తెరిచే ఉందిగా? అగ్గి అటే పోవచ్చుగా?"

కొరుకుడు అంత పంటినొప్పిలోనూ పడీ పడీ నవ్వింది. "తెరిచుందా? దాని గొంతులో రాళ్ళు కుక్కి చంపారుగా మీరు!"

మణికేతుడి మొహం పాలిపోయింది. నిజమే! మేఖలాదేశంలో పెళ్ళయిన ప్రతి జంటా ఒక రాయి మోసుకుని పెళ్ళికొండ ఎక్కుతుంది. రాయి మీద ఇద్దరూ పసుపుచేతుల అచ్చులు వేసి, కొండమీది గుంటలో పడేసి, "నిప్పులమ్మా, నోరు తెరవకు తల్లీ, మా కాపురం చల్లగా ఉండనీ," అని మొక్కుతుంది. తాతల తాతల నాటి నుంచి ఇదే తంతు. నిప్పులమ్మ నోరు మూయించామని దేశమంతా మురిసిపోయింది. ఆ తల్లి మరో నోరు వెతుక్కుంటుందని ఒక్కరికీ తట్టలేదు!

"ఉడికే అన్నం మీద మూత పెట్టి, ఆ మూత మీద రోలెక్కించామన్నమాట," అన్నాడు గుమ్మడన్న తల కొట్టుకుంటూ. "నేనైతే అలాంటి వంటవాణ్ణి ఆ పూటే పంపించేస్తాను."

ఇక ఆలోచించడానికి పొద్దేదీ? కొండెక్కి ఆ గొంతు తెరవాలి. కొత్తజంటలు తప్ప వేరెవరు ఎక్కబోయినా కొండవాళ్ళు వడిసెలరాళ్ళతో నెత్తి పగలగొడతారు. రాయి తీస్తానంటే రాజుకైనా అదే మర్యాద. దారిలో ఒక పెళ్ళివారి బండి ఎదురైంది. యువరాజు మెడలోని ముత్యాలహారం వాళ్ళకు పోయింది, వాళ్ళ చీరా బాసికమూ వీళ్ళకు వచ్చాయి. గుమ్మడన్న ఒళ్ళో ఒడిబియ్యం మూట కట్టారు. ఆ మూటలో కొరుకుడు దూరి కూర్చుంది. ఇదీ సంగతి.

వరస కదిలింది. కొండగడప దగ్గర మూతపెద్ద సింగమ్మ నిలబడి ఉంది. ఆ కొండకు కాపలా ఆవిడే. కొప్పులో నెమలీక, చేతిలో తుమ్మకర్ర, మెడలో శంఖం. ముసలిదే కానీ, ఆవిడ గదమాయిస్తే ఏనుగైనా పక్కకు తప్పుకోవలసిందే.

"ఏమే, పేరేంటి?"

"క... కనకాంగి," అన్నాడు గుమ్మడన్న గొంతు సన్నం చేసి. ఆ గొంతు విని వెనకజంటలో పిల్ల చెవులు మూసుకుంది.

"మొగుడి పేరు చెప్పి గడప దాటు."

గుమ్మడన్న ముసుగు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగాక యువరాజుని పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "మా... మా బాబుగారు," అన్నాడు.

వరసంతా గొల్లుమంది. "మొగుణ్ణి బాబుగారంటావేమే?" అంది సింగమ్మ.

"పెంపకం అలాంటిదవ్వా," అని అడ్డం వచ్చాడు మణికేతుడు.

"నిన్నడిగానా? నువ్వు చెప్పవే!"

గుమ్మడన్న గట్టిగా కళ్ళు మూసుకుని, "మణి!" అని అరిచి, అంత అపచారానికీ టపటపా లెంపలు వేసుకున్నాడు. ఆ ఊపుకి మేలిముసుగు కాస్తా జారింది. మీసాలు రెండూ ఎండలో నిగనిగలాడాయి.  ఒడిలో కొరుకుడు బియ్యం నమలడం ఆపేసింది.

"వాళ్ళింట ఆడవాళ్ళందరికీ ఉంటాయవ్వా. చూసుకునే చేసుకున్నాను," అన్నాడు మణికేతుడు, ఎక్కడలేని ప్రేమా కళ్ళలోకి తెచ్చుకుని.

సింగమ్మ ఎగాదిగా చూసింది. "మా అత్తకీ ఉండేవి," అంది చివరికి. "ఊరంతా హడలిపోయేది. పదండి, పదండి! బాగా చూసుకో అబ్బాయ్."

పరుగో పరుగు! కొండ సగం ఎక్కేసరికి కాళ్ళ కింద నేల గుర్రుమంది. తూర్పున చంద్రమేఖల మీద పొగ ఎర్రబడుతోంది. సూర్యుడు ఎవరో తరుముతున్నట్టు పైపైకి పోతున్నాడు. శిఖరం మీద పెద్ద గుంట. దాని నిండా రాళ్ళు. ప్రతి రాయి మీదా రెండు అరచేతులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొన్ని నిన్నటి పసుపుతో మెరుస్తున్నాయి, కొన్ని వానలకు వెలిసి లేత మరకలుగా మిగిలాయి. ఎన్ని కాపురాలు, ఎన్ని మొక్కులు! పసుపు వాసనా గంధం వాసనా కలిసి కొండగాలి మత్తెక్కిస్తోంది.

"ఇవన్నీ తోడాలా బాబుగారూ?" అన్నాడు గుమ్మడన్న నీరుకారిపోతూ.

"అక్కర్లేదు దొరా, ఇటు!" అని కొరుకుడు ఒడిలోంచి దూకి, పొదల మాటున ఉన్న సొరంగంలోకి దారి తీసింది. రాజదంపతుల దారి అది. వాళ్ళ రాయి అందరిలా పైనుంచి పడేయరు. కొండ గొంతు లోపలికి వెళ్ళి, రాళ్ళ సందున దిగ్గొట్టి వస్తారు.

లోపలికి దిగినకొద్దీ వేడి. మలుపు తిరిగారో లేదో, ముగ్గురూ కొయ్యబారిపోయారు. పైన కప్పంతా ఒకే నల్లరాయి! ఎక్కడా అతుకు లేదు, గీత లేదు. నునుపు తేలిన ఆ తాబేటిచిప్ప కడుపు కింద, లోతుగా, కరిగిన రాతి సముద్రం. కుంకుమరంగు అలలు, వాటి మీద బంగారు నురగ, నురగ పగిలినప్పుడల్లా మాణిక్యాలు చిమ్మినట్టు రవ్వలు. ఆ వెలుగుకు నల్లరాయి కెంపుల కొలువులా ధగధగలాడుతోంది. నిప్పుల అల ఒకటి చిప్ప అంచున పాకుతూ వచ్చింది, కొండ గొంతులోని రాళ్ళను తట్టింది. దారి లేదు. విసుక్కున్నట్టు బుసకొట్టి వెనుదిరిగి తూర్పుకు పోయింది. తూర్పున చంద్రమేఖల, చంద్రమేఖలలో కోట, కోట బురుజు మీద అమ్మ!

"ఆ రాయి దొరా!" కొరుకుడు వేలు చూపింది. "మిగతా రాళ్ళన్నీ దాన్ని పట్టుకునే వేలాడుతున్నాయి. అదొక్కటి లాగితే అన్నీ అగ్గిలో పడతాయి."

గొంతు మధ్యలో బిగిసి ఉంది ఆ రాయి. గుమ్మడికాయంత. దాని మీద పెద్ద అరచేయి, పక్కనే చిటికెనవేలు కాస్త వంకరగా ఉన్న చిన్న అరచేయి. ఆ వంకర వేలు మణికేతుడికి తెలుసు. ఆ చేతి ముద్దలు తినే పెరిగాడు. అది అతని తల్లిదండ్రుల పెళ్ళిరాయి.

"వద్దు బాబుగారూ!" గుమ్మడన్న భోరుమన్నాడు. "పెళ్ళిరాయి కదిలితే చేయి వేసినవాళ్ళు ఉండరంటారు. పెద్దాయన ఎలాగూ లేరు. ఇక మిగిలింది అమ్మగారే!"

"ముట్టావో, చేయి విరగ్గొడతాను!"

వెనక్కి తిరిగారు. తుమ్మకర్ర ఎత్తి సింగమ్మ! "మొగుణ్ణి బాబుగారన్నప్పుడే నాకు అనుమానం. కొండ మీద జంటలన్నిటినీ కిందికి తోలేసి మీ వెనకే వచ్చాను. ఎవడ్రా నువ్వు? దొంగా?"

మణికేతుడు బాసికం విప్పి పారేశాడు. "సూర్యకేతు మహారాజు కొడుకుని, అవ్వా."

సింగమ్మ కర్ర దిగిపోయింది. రాయి వంకా, అతని మొహం వంకా మార్చి మార్చి చూసింది. "మీ అమ్మ ఈ రాయి దిగ్గొట్టిననాడు గడగడా వణికిపోతుంటే మోచెయ్యి పట్టుకుని ఆపింది నేనే, నాయనా. ఆ రాయి తీసి అమ్మను చంపుకుంటావా?"

"తీస్తే చస్తుందని నువ్వంటున్నావు. తీయకపోతే చస్తుందని నా కళ్ళకే కనబడుతోంది. ఆ నిప్పు ఎటు పోతోందో చూడు!"

సింగమ్మ తొంగి చూసింది.  అంతలో నిప్పుల సముద్రం మీంచి పొగ సుడులు తిరిగి లేచి, కోరపళ్ళ తలకాయగా మారింది. గుహ దద్దరిల్లేలా వికటాట్టహాసం!

"ఓరీ మణికేతా! మాతృహంతకుడివి అవుతావురా! ఆ రాయి కదిలిందా, మరుక్షణం నీ తల్లి ప్రాణం గాలిలో కలుస్తుంది! ఈ భస్మకంఠుడి మాట నమ్ము! బుద్ధిగా చేయి వెనక్కి తీసుకో!"

మణికేతుడి చేయి క్షణం ఆగింది. కొరుకుడు అతని పంచె పట్టుకుని లాగింది.

"దొరా, పుట్టిన దగ్గర్నించీ ఆయన కొలువులోనే ఉన్నాను. మా అయ్యవారి నోట నిజం రాగా ఒక్కనాడూ వినలేదు!"

అంతే! సింగమ్మ చీరచెంగు నడుముకి బిగించింది. "నా జన్మంతా ఈ రాయి కాచాను. ఈ పాడుమొహంవాడు కూడా తీయొద్దంటున్నాడంటే, తీసి తీరాల్సిందే! మీ అమ్మ నాకు తెలుసు నాయనా, ఒకరు చావమంటే చచ్చే రకం కాదు. తాడేదీ?"

తాడు ఎక్కడిది? అందరూ పెళ్ళికూతురి వంక చూశారు.

"అయ్యయ్యో," అన్నాడు గుమ్మడన్న. మరు నిమిషంలో కనకాంగి మొలకు గోచీతోనూ, మొహాన మీసాలతోనూ నిలబడి ఉంది. పట్టుచీర రాయికి చుట్టుకుంది. యువరాజు ముందు, వంటవాడు వెనక, సింగమ్మ ఆ వెనక, కొరుకుడు చిట్టచివర చెంగు పళ్ళతో పట్టుకుని.

"లాగు! ఇంకా లాగు! ఓరి నీ బెల్లప్పాకం, లాగరా గుమ్మడన్నా!"

కదలదు. భస్మకంఠుడి పొగచేయి మీదికి వస్తోంది. గుమ్మడన్న చప్పున ఒడిబియ్యం మూట విప్పి గుప్పెడు బియ్యం ఆ పొగతల కళ్ళలో కొట్టాడు. పసుపూ సున్నమూ కలిసిన బియ్యం మరి! "కళ్ళు మండె! కళ్ళు మండె!" అని మాంత్రికుడి తలకాయ సుడి తిరిగిపోయింది. మణికేతుడు రెండు కాళ్ళూ గోడకు తన్నిపెట్టి, "అమ్మా!" అని ఒక్క గుంజు గుంజాడు.

రాయి ఊడొచ్చి అతని రొమ్మున పడింది!

క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తాతల నాటి రాళ్ళన్నీ ఒక్కపెట్టున గలగలా జారి నిప్పుల్లో పడ్డాయి. తూర్పుకు పోతున్న అల ఆగింది. వెనక్కి తిరిగింది. చిప్ప కడుపు నాక్కుంటూ పడమటికి ఉరకలేసింది!

"పరిగెత్తండి!"

పరిగెత్తడానికి ఎక్కడా దారి లేదు. సొరంగం కూలిపోయింది. అగ్గికి ముందు వేడిగాలి వచ్చింది. రాయికి చుట్టిన చీర విప్పి నలుగురూ తలా ఒక చెరగు పట్టుకున్నారో లేదో, ఆ గాలి చీరలో దూరి బుస్సున పొంగించింది. గొంతులోంచి పైకి, గుంటలోంచి ఆకాశంలోకి, యువరాజూ వంటవాడూ ముసలమ్మా భూతమూ నలుగురూ ఎర్రచీర కింద వేలాడుతూ ఎగిరిపోయారు! వాళ్ళ కాళ్ళ కింద పెళ్ళికొండ ఫెళ్ళున నోరు తెరిచింది. నిప్పుల ఫౌంటెన్ లేచి, కొండ పడమటి వాలు మీదుగా, మనిషీ పశువూ లేని ఉప్పుబీళ్ళలోకి దారి తీసింది. కొండ కింద జంటలు కేకలు వేస్తూ, మరుక్షణం చప్పట్లు కొడుతూ గంతులేస్తున్నారు.

"మా అత్త మీసాలు చూసినప్పుడైనా ఇంత ఎత్తు ఎగరలేదు!" అని కేరింతలు కొట్టింది సింగమ్మ.

మణికేతుడు ఆమె మాట వినలేదు. ఒక చేత్తో చీర, ఒక చేత్తో రాయి పట్టుకుని తూర్పుకే చూస్తున్నాడు. చంద్రమేఖల చుట్టూ పొగగోడ చిరుగులు పడుతోంది. కోట కనిపించింది. బురుజు కనిపించింది. బురుజు మీద మనిషి ఉందో లేదో కనబడనంత దూరం. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నాడు.

గంట మోగలేదు.

రాయి మీది చిన్న అరచేతి మీద మణికేతుడి చేయి బిగుసుకుంది. గుమ్మడన్న ఏడుపు కూడా ఆపి ఊపిరి బిగబట్టాడు.

ఖంగ్!

ఒకసారి. ఇంకోసారి. ఆపైన ఆగకుండా, తాడు తెగేలా, చెవులు గింగిరాలెత్తేలా!

"అమ్మ!" అని అరిచాడు మణికేతుడు. "గుమ్మడన్నా, అమ్మరా! అమ్మే కొడుతోందిరా!" ఆ వంకరవేలి అచ్చుని ముద్దు పెట్టుకుంటూ పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

"అమ్మగారు గంట కొట్టారు సరే, వంట ఎవరు చేసుంటారు బాబుగారూ?" గుమ్మడన్న కళ్ళు తుడుచుకున్నాడు. "పప్పులో ఉప్పు వేశారో లేదో! నన్ను దింపండి, నేను పోవాలి!"

దింపేవాళ్ళెవరు? వేడిగాలి వాళ్ళను నగరం మీంచి, అడవి మీంచి ఉత్తరానికి తరుముకుపోయింది. పోయి పోయి చీర సగానికి చిరిగింది. నలుగురూ గిరగిరా తిరుగుతూ కిందికి దిగసాగారు. కింద ముళ్ళడవి నడుమ నల్లటి గోపురం ఒకటి, దాని కిటికీలన్నిటిలోంచీ పొగ. లోపల ఎవరో కళ్ళు మండి కుండలకొద్దీ నీళ్ళు మొహాన కొట్టుకుంటున్న చప్పుడు.

"ఆ ఇల్లెవరిదిరా కొరుకుడూ?" అన్నాడు మణికేతుడు.

కొరుకుడు మిగిలిన బియ్యపుమూటలోకి తల దూర్చేసి, లోపల్నించి సన్నగా చెప్పింది.

"మా అయ్యవారిది దొరా. పైకప్పు కొంచెం పలచన. చూసి పడండి."